పలాస తొక్క, చిత్తూరు టెంక: మిగులులోని రసాయనాలు ఎక్కడ దక్కుతాయి, ఎక్కడ పోతాయి

పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే ఏ కర్మాగారాన్ని తీసుకున్నా లెక్క దాదాపు ఒకటే. 100 కిలోల పిక్కలు లోపలికి వెళితే పప్పుగా బయటికి వచ్చేది 20 నుంచి 25 కిలోలు. మిగిలినదాంట్లో అత్యధిక భాగం, అంటే సుమారు 70 కిలోలు, గట్టి తొక్క. పప్పును అంటిపెట్టుకొని ఉండే ఎర్రటి పొట్టు రెండు మూడు కిలోలు ఉంటుంది. చిత్తూరు ప్రాంతంలోని మామిడి గుజ్జు పరిశ్రమదీ ఇటువంటి లెక్కే, కాకపోతే అక్కడ మిగిలేది తడి సరుకు. రకాన్ని బట్టి కాయ బరువులో మూడో వంతు నుంచి సగం దాకా తొక్కగా, టెంకగా, పీచుగా బయటికి పోతుంది.

ఈ మిగులులో ఔషధ, ఆహార, రంగుల పరిశ్రమలకు పనికివచ్చే రసాయనాలు ఉన్నాయన్నది కొత్త విషయం కాదు. జీడి తొక్క నూనె రసాయన నిర్మాణం దశాబ్దాల కిందటే తేలింది, మామిడి టెంకలోని కొవ్వు సంగతీ అంతే. అయినా ‘వ్యర్థం నుంచి సంపద’ అనే శీర్షికతో వచ్చే కథనాలు సాధారణంగా ఫలానా తొక్కలో ఫలానా యాంటీఆక్సిడెంటు ఉందని చెప్పి అక్కడితో ఆగిపోతాయి. పదార్థం తొక్కలో ఉండటం ఒక సంగతి, అది చెడకుండా చేతికి రావడం మరొక సంగతి. రెండోది నిజానికి ప్రయోగశాల దాకా రాకముందే, కర్మాగారంలో మొదటి కొన్ని గంటల్లోనే తేలిపోతుంది. సరుకుకు ఎంత వేడి తగిలింది, ఎంతసేపు తడిగా పడి ఉంది, వేరే చెత్తతో కలిసిందా లేదా అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులే ఆ తర్వాత ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా ఏం దక్కుతుందో నిర్ణయిస్తాయి.

జీడి తొక్క ఇందుకు అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ. ఆ తొక్కలో రెండు గట్టి పొరల మధ్య తేనెపట్టులా గదులు గదులుగా ఉండే మెత్తటి పొర ఒకటి ఉంటుంది, అందులో నిండి ఉండే చిక్కటి గోధుమరంగు ద్రవమే జీడి తొక్క నూనె. తొక్క బరువులో అది దాదాపు పావు వంతు. నూనె అని పిలుస్తున్నా ఇది వంటనూనెల వంటి కొవ్వు కాదు, ఫినాల్ జాతి పదార్థాల మిశ్రమం. సహజ స్థితిలో ఇందులో 60 నుంచి 70 శాతం దాకా అనకార్డిక్ ఆమ్లం, 15 నుంచి 20 శాతం కార్డాల్, సుమారు 10 శాతం కార్డనాల్ ఉంటాయి. అనకార్డిక్ ఆమ్లాన్ని ఆస్పిరిన్‌కు మూలమైన సాలిసిలిక్ ఆమ్లానికి 15 కార్బన్ల పొడవాటి తోక తగిలించిన అణువుగా ఊహించుకోవచ్చు. తల భాగం నీటితో పొత్తు కుదుర్చుకుంటుంది, తోక కొవ్వులో ఇమిడిపోతుంది. సూక్ష్మజీవుల కణత్వచంలోకి చొరబడే శక్తి దీనికి ఈ రెండు స్వభావాల వల్లనే వచ్చింది. దంతాలను పుచ్చిపోయేలా చేసే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వంటి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాపై ఇది గట్టిగా పనిచేస్తుందని ప్రయోగశాల అధ్యయనాలు చూపాయి.

ఈ ఆమ్లం బలహీనత వేడి. పిక్కలను కాల్చే పాత పద్ధతుల్లో ఒకటైన నూనె స్నానంలో వాటిని 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిమీదున్న జీడి తొక్క నూనెలోనే ముంచి తీస్తారు. తొక్క పగిలి లోపలి ద్రవం బయటికి వచ్చి ఆ నూనెలో కలుస్తుంది. అంత వేడికి అనకార్డిక్ ఆమ్లం కార్బన్ డయాక్సైడును వదిలేసి కార్డనాల్‌గా మారిపోతుంది. ఆ విధంగా తయారైన నూనెలో 60 శాతానికి పైగా కార్డనాలే, ఆమ్లం దాదాపు మృగ్యం. డ్రమ్ములో వేయించే పద్ధతిలో సంగతి ఇంకా తేలిక, నూనె అంటుకొని మండిపోతుంది, తొక్కతో పాటు పొగ అవుతుంది. ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, కత్తెర యంత్రంతో చీల్చే పద్ధతిలో మాత్రమే పిక్కకు తగిలే వేడి తక్కువ, సమయమూ తక్కువ కాబట్టి ఆమ్లం చాలావరకు తొక్కలోనే మిగులుతుంది. కాల్పును వదిలి ఆవిరికి మారిన యజమానులు పప్పు రంగు, గుండు పప్పు శాతం, ఇంధన ఖర్చు చూసుకొని మారినవారే. తొక్కలోని రసాయనం ఎవరూ కోరుకోకుండా, ఆ మార్పు పుణ్యాన దక్కిన లాభం.

కార్డనాల్ తక్కువ సరుకు అని దీని అర్థం కాదు. ప్రపంచంలో జీడి తొక్క నూనెకు ఉన్న పెద్ద మార్కెట్టు దానిదే. వాహనాల బ్రేకు లైనింగుల్లో, క్లచ్ పలకల్లో ఘర్షణ పదార్థంగా వాడే రెసిన్లు దీని నుంచి వస్తాయి. ఓడల రంగుల్లో ఎపాక్సీని గట్టిపరచే ఫినాల్‌కమీన్లు కూడా దీనివే, చలిలోనూ తడిలోనూ గట్టిపడటం వాటి ప్రత్యేకత. బ్రేకు లైనింగు తయారుచేసేవాడికి ఆమ్లం అక్కర్లేదు, అతడికి అమ్మే వ్యాపారి ఉద్దేశపూర్వకంగానే నూనెను కాచి ఆమ్లాన్ని పోగొడతాడు. అంటే ఒకే తొక్క నుంచి రెండు వేర్వేరు సరుకులు రావచ్చు, కానీ ఒకే లీటరు నూనె నుంచి రెండూ పూర్తిగా రావు. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. ఉప ఉత్పత్తులపై వచ్చే ప్రాజెక్టు నివేదికలు ఈ ఎంపికను దాటవేసి రెండు ఆదాయాలనూ ఒకే పట్టికలో కూడి చూపడం తరచుగా కనిపించే పొరపాటు.

వేడి చేసే తేడా ఎంతటిదో పశువుల మేత రంగంలో జరిగిన పరిశోధన చక్కగా చూపిస్తుంది. జపాన్‌లో హొక్కైడో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనాల్లో పచ్చి జీడి తొక్క నూనెను ఆవు మొదటి పొట్టలోని ద్రవానికి కలిపి చూస్తే మీథేన్ ఉత్పత్తి గణనీయంగా తగ్గింది, పశువుకు శక్తినిచ్చే ప్రొపియోనేటు పెరిగింది. కాచిన నూనెకు ఆ ప్రభావం అంతగా లేదు. మీథేన్ తయారీకి హైడ్రోజన్ అందించే బ్యాక్టీరియాను అణచే పని ప్రధానంగా అనకార్డిక్ ఆమ్లానిదే కాబట్టి ఫలితం అలా రావడం సహజమే. పశువుల త్రేన్పుల నుంచి వెలువడే మీథేన్‌ను తగ్గించే మార్గాల కోసం ప్రపంచమంతా వెతుకుతున్న ఈ రోజుల్లో, నాసిరకం ఇంధనంగా బాయిలర్లలోకి పోతున్న పచ్చి నూనెకు ఇది ఆలోచించదగ్గ దారి.

పచ్చి నూనె నుంచి ఆమ్లాన్ని వేరుచేయడం కష్టమైన పని కాదు. బెంగళూరులోని విఠల్ మాల్యా సైంటిఫిక్ రీసెర్చ్ ఫౌండేషన్ పరిశోధకులు 2001లో ప్రచురించిన పద్ధతిలో వాడిన ముఖ్య పదార్థం కాల్షియం హైడ్రాక్సైడు, అంటే మామూలు తడి సున్నం. మిశ్రమంలో సున్నంతో చర్య జరిపేది ఆమ్లం ఒక్కటే కాబట్టి అది కాల్షియం అనకార్డేటుగా అడుగున పేరుకుంటుంది, కార్డాల్, కార్డనాల్ ద్రవంలోనే ఉండిపోతాయి. వడగట్టిన ముద్దకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగిలిస్తే అనకార్డిక్ ఆమ్లం మళ్లీ విడిపోతుంది. మిగిలిన ద్రవం కార్డనాల్ మార్కెట్టుకు పోవచ్చు. ఇంత చవకైన విభజన జీడికి దొరకడం అదృష్టమే, మామిడి తొక్కలోని పదార్థాలకు ఇలాంటిది లేదు.

ఆ ఆమ్లంతో ఏం చేయాలన్నది ఇంకా చర్చలో ఉన్న విషయం. బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో తపస్ కుందు బృందం 2003లో ఈ అణువు పీ300 అనే ఎంజైమును నిరోధిస్తుందని కనుగొంది. డీఎన్‌ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రొటీన్లకు ఎసిటైల్ గుంపులు తగిలించి జన్యువుల పనితీరును మార్చే ఎంజైము అది. ఆ తర్వాత అనకార్డిక్ ఆమ్లం ప్రపంచంలోని అనేక ప్రయోగశాలల్లో పరిశోధన సాధనంగా వాడుకలోకి వచ్చింది. బ్యాక్టీరియా కణత్వచంలో ఇమిడినా, మనిషి కణాల లోపలికి సరిగా చొరబడకపోవడం దాని లోపం, అందువల్ల మందు కాలేదు. పైగా ఈ కుటుంబం మొత్తానికి చర్మాన్ని పొక్కించే గుణం ఉంది. పిక్కలు చీల్చే మహిళల వేళ్లు నల్లబడి తోలు ఊడటానికి కారణం ఈ పదార్థాలే, వాటిలో కార్డాల్ మరీ తీవ్రమైనది. మామిడికాయ సొన తగిలి పెదవి పుండు కావడం వెనుక ఉన్నదీ దీని దాయాదులే, జీడి, మామిడి, నల్లజీడి ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. ఔషధ గుణమున్న పదార్థమని మార్కెట్టుకు చెప్పేదాన్ని ముందు చేతులతో ముట్టుకునేవారికి రక్షణ కల్పించడం ఈ పరిశ్రమ లెక్కల్లో ఖర్చుగా కనిపించాలి, అది ఇప్పటిదాకా పెద్దగా కనిపించలేదు.

పొట్టు విషయం ఇంతకన్నా సరళం. పప్పును ఆరబెట్టి గీకగా వచ్చే ఎర్రటి పలుచటి పొరలో కాటెకిన్, ఎపికాటెకిన్, వాటి గొలుసులైన టానిన్లు దండిగా ఉంటాయి. తేయాకులోనూ ఈ జాతివే ఉంటాయి. అందుకే తోళ్లను ఊనడానికి ఈ పొట్టు పనికివస్తుంది. పొట్టు పొడిగా వస్తుంది, తేలికగా నిలవ ఉంటుంది, ఒకే చోట పోగవుతుంది. మొదట చెప్పుకున్న మూడు ప్రశ్నలకూ దీని దగ్గర అనుకూలమైన జవాబే ఉంది, ఒక్క చిక్కు తప్ప. చీల్చేటప్పుడు తొక్క నూనె అంటితే ఆహారంలో వాడకానికి ఆ పొట్టు పనికిరాదు.

వేరుశనగ పొట్టు కథ దీనికి పాత తోబుట్టువు. 1940ల చివర్లో ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో జాక్ మాస్కెలియే అనే యువ పరిశోధకుడు ఒలిగోమెరిక్ ప్రోయాంథోసయానిడిన్లు అనే పదార్థాలను, అంటే కాటెకిన్ల పొట్టి గొలుసులను, మొదట వేరుచేసింది వేరుశనగ గింజ ఎర్రపొర నుంచే. పశువులకు వేసే మేతలో ఆ పొర ఉంటే హాని కలుగుతుందా అన్న సందేహం దగ్గర మొదలైన పని అది. తర్వాత ఆయన పైన్ చెట్టు బెరడుకు, ద్రాక్ష గింజలకు మారాడు, నేడు మందుల దుకాణాల్లో ద్రాక్ష గింజల సారం పేరుతో అమ్ముడయ్యేది ఆ పరంపరలోదే. అనంతపురం, కర్నూలు మిల్లుల్లో రాలే పొట్టు మాత్రం ఇంకా మేతగా, పొయ్యిలో ఇంధనంగానే ఖర్చవుతోంది. అక్కడ దాటాల్సిన గడప అఫ్లాటాక్సిన్. వేరుశనగపై పెరిగే బూజు తయారుచేసే ఈ విషం ప్రపంచానికి తెలిసింది కూడా ఒక ఉప ఉత్పత్తి ద్వారానే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో బయటపడింది. మంచి గింజను ఏరిపెట్టాక మిగిలేదాంట్లో చెడు సాంద్రత పెరుగుతుందన్న మాట ఉప ఉత్పత్తులన్నిటికీ వర్తిస్తుంది. పండ్ల తొక్కపై పేరుకునే పురుగుమందుల అవశేషాలదీ అదే తంతు, సారాన్ని పది రెట్లు గాఢం చేస్తే మందు అవశేషం కూడా గాఢం కావచ్చు.

మామిడికి వస్తే మొదటి శత్రువు నీరు. గుజ్జు తీసే యంత్రం నుంచి రాలిన తొక్క చిత్తూరు జూన్ ఉక్కలో కొన్ని గంటలకే పులియడం మొదలవుతుంది. తెగిన కణాల్లోని పాలీఫినాల్ ఆక్సిడేజ్ ఎంజైము గాలి తగలగానే పాలీఫినాళ్లను, అంటే టానిన్ల వంటి ఫినాల్ జాతి పదార్థాలను, గోధుమరంగు పదార్థాలుగా మార్చేస్తుంది, మనం వెలికితీయాలనుకున్నవి అవే. వెంటనే ఆవిరి పట్టించి ఎంజైమును చంపి, ఆరబెడితే తప్ప సరుకు నిలవదు. తొక్క బరువులో అత్యధిక భాగం నీరే కాబట్టి ఆరబెట్టడానికయ్యే ఇంధనమే మొత్తం ప్రాజెక్టు ఖర్చులో పెద్ద భాగం కావచ్చు. అదీ రెండు మూడు నెలల సీజనుకే. మిగతా తొమ్మిది నెలలు ఆ డ్రయ్యరు ఏం చేస్తుందన్న ప్రశ్నకు జవాబు లేని చోట పెట్టుబడి రాదు. పలాసకు ఈ ఇబ్బంది లేదు, స్థానిక పంట అయిపోయాక ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతయ్యే పిక్కలతో కర్మాగారాలు ఏడాది పొడవునా నడుస్తాయి.

తొక్కలో పెక్టిన్ ఉంది, మాంజిఫెరిన్ అనే జాంథోన్ జాతి పదార్థం ఉంది, కెరోటినాయిడ్లు ఉన్నాయి. జీడి తొక్కలోని కార్డాల్‌కు బంధువులైన ఆల్కైల్ రిసార్సినాల్లు కూడా ఉన్నాయి, కొందరికి మామిడి తొక్క పడకపోవడానికి ఒక కారణం అవే. కాబట్టి ఎండబెట్టిన తొక్కను నేరుగా బిస్కెట్ల పిండిలో కలపవచ్చన్న ప్రతిపాదనలను జాగ్రత్తగా చూడాలి. శుద్ధి చేసిన సారం వేరు, ముడి పొడి వేరు.

టెంక దారి వేరు, అది ఇప్పటికే ఒక మార్కెట్టును సంపాదించుకుంది. టెంక లోపలి పప్పును ఆరబెడితే దాని బరువులో సుమారు 7 నుంచి 15 శాతం కొవ్వు దొరుకుతుంది. స్టియరిక్, ఓలియిక్ ఆమ్లాలు చెరి 40 శాతం చుట్టూ ఉండే ఈ కొవ్వు గది వేడిమిలో గట్టిగా ఉండి నోటి వేడికి కరుగుతుంది, కోకో వెన్నకు దగ్గరి స్వభావం అది. ఐరోపా సమాఖ్య 2000 సంవత్సరపు చాక్లెట్ ఆదేశంలో కోకో వెన్నకు తోడుగా 5 శాతం వరకు అనుమతించిన ఆరు వృక్ష కొవ్వుల్లో గుగ్గిలం గింజల కొవ్వు, కోకమ్ కొవ్వుతో పాటు మామిడి టెంక కొవ్వు కూడా ఉంది. కొవ్వు తీశాక మిగిలే చెక్కలో గాలోటానిన్లు ఉంటాయి. ఇక్కడా ఆరబెట్టే వేగమే అంతా నిర్ణయిస్తుంది. తడి టెంక నాలుగు రోజులు గుట్టగా పడి ఉంటే కొవ్వు విడిపోయి ఆమ్లత్వం పెరుగుతుంది, బూజు పడుతుంది. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో టెంక పప్పు అంబలి తిన్న గిరిజనులు మరణించినప్పుడు, కారణం బూజు పట్టిన పప్పా, ఆకలా అన్న తీవ్ర వివాదం నడిచింది. ఆకలి రోజుల ఆహారమే చాక్లెట్ పరిశ్రమకు ముడిసరుకు కావడం గురించి ఎవరి భావన వారిది. ఆరబెట్టడంలో అశ్రద్ధకు రెండు చోట్లా శిక్ష ఉందన్నది మాత్రం సాంకేతిక సత్యం.

వెలికితీసే యంత్రాల గురించి ఇన్ని మాటలు అక్కర్లేదు. పాలీఫినాళ్లకు నీరు కలిపిన ఎథనాల్ ఎక్కువ చోట్ల సరిపోతుంది, ఒట్టి ఎథనాల్ కన్నా సగం సగం మిశ్రమం తరచుగా మెరుగ్గా పనిచేస్తుంది. అతిధ్వని తరంగాలు ద్రవంలో బుడగలు పుట్టించి, అవి పేలినప్పుడు కణగోడలను చీల్చి సమయం తగ్గిస్తాయి. సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడు, అంటే 31 డిగ్రీలు, 74 బార్ల పీడనం దాటిన స్థితిలోని వాయువు, కొవ్వులను, జీడి తొక్క నూనెను శుభ్రంగా లాగుతుంది, అవశేషం మిగల్చదు. టానిన్లను మాత్రం అది కదిలించలేదు, తోడుగా ఎథనాల్ కలపాల్సిందే. యంత్రం ధర కూడా పొట్టు ధరకు తగినట్టుగా ఉండదు. ప్రయోగశాల పత్రాల్లో ఈ పద్ధతులను పోల్చే పట్టికలు కుప్పలుగా ఉన్నాయి, ఎథనాల్ కొనుగోలుకు, నిల్వకు ఎక్సైజు శాఖ అనుమతి తెచ్చుకోవాలన్న సంగతి ఆ పట్టికల్లో ఉండదు.

ఇక కొనేవాడికి ఏం చెప్పి అమ్మాలన్నది. పరీక్షనాళికలో యాంటీఆక్సిడెంటు శక్తిని కొలిచే ఓరాక్ విలువల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైటు నుంచి తొలగించింది. ఆ అంకెలకు మనిషి శరీరంలో కలిగే మేలుకు సంబంధం రుజువు కాలేదని, ఆహార కంపెనీలు వాటిని ప్రకటనలకు దుర్వినియోగం చేస్తున్నాయని అది చెప్పిన కారణం. ఐరోపా ఆహార భద్రతా సంస్థ యాంటీఆక్సిడెంట్ల పేరిట వచ్చిన అభ్యర్థనల్లో అత్యధికం తిరస్కరించింది. 2011లో ఆమోదం పొందిన కొద్దివాటిలో ఆలివ్ నూనె పాలీఫినాళ్లు ఒకటి, అది కూడా 20 గ్రాముల నూనెకు కనీసం 5 మిల్లీగ్రాముల హైడ్రాక్సీటైరోసాల్, దాని సంబంధిత పదార్థాలు ఉండాలన్న నిర్దిష్ట షరతుతో. మామిడి మాంజిఫెరిన్ నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. దానిమ్మ తొక్కలోని పునికాలజిన్‌ను పేగుల్లోని బ్యాక్టీరియా యురోలిథిన్లుగా మార్చాలి, ఆ బ్యాక్టీరియా అందరి కడుపులోనూ ఒకేలా ఉండదు. ఈ పదార్థాలకు తొలి మార్కెట్టును ఆరోగ్య మాత్రల్లో వెతకడం కన్నా నూనెలు పాడై వాసన రాకుండా కాపాడే పదార్థాల్లో, తోళ్ల పరిశ్రమలో, పశువుల మేతలో, రంగుల్లో, జిగురుల్లో వెతకడం తెలివైన పని. అక్కడ పనిచేసిందా లేదా అన్నది నెలల్లో తేలుతుంది, ఒక్క కిలోకు దక్కే ధర తక్కువైనా టన్నుల్లో కొంటారు.

జీడిపండు సంగతి పైన రాలేదంటే అది కర్మాగారం దాకా రాకపోవడమే కారణం. పిక్క కన్నా ఎన్నో రెట్లు బరువుండి, నారింజకు అనేక రెట్లు విటమిన్ సీ కలిగిన ఆ పండును గోవాలో ఫెనీగా, బ్రెజిల్‌లో కజుయీనా పానీయంగా వాడుకుంటారు, ఉద్దానం తోటల్లో అది ఎక్కువగా చెట్టు కిందే కుళ్లుతుంది. ఒక రోజుకు మించి నిలవని పండును వేల చిన్న తోటల నుంచి పోగుచేయడం రసాయన శాస్త్రం తీర్చే సమస్య కాదు.

అందుకే వరుసలో ముందు నిలబడేది జీడి తొక్కే. పొడిగా ఉంటుంది, ఏడాదంతా వస్తుంది, ఎన్నో కర్మాగారాలు ఒకే పట్టణం చుట్టూ ఉన్నాయి, సున్నంతో విడిపోయే ఆమ్లం లోపల ఉంది. ఇప్పుడు బాయిలర్లో వేస్తున్న తొక్కను ముందు ఎక్స్‌పెల్లరులో తక్కువ వేడి మీద పిండి నూనె తీసుకున్నా ఇంధనం చేజారదు, పిండిన చెక్క కూడా మండుతుంది. కళ్లు మండించే ఫినాల్ పొగలో చాలా భాగం ఆ నూనె నుంచి వచ్చేదే కాబట్టి నూనె తీసిన చెక్క పొగ తక్కువగా మండుతుంది.